ఎర్రపీలిక కట్టిన మాటలు

ఆ ఆదివారం పొద్దున్న ఆకాశం తడిపి, పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. బరువుకు మధ్యలో కుంగింది. చినుకు పడదు, ఎండ రాదు. తూర్పున ఒకచోట గుడ్డ చిరిగినట్టు కాస్త వెలుతురు కనిపించి, ఎవరో అతుకేసినట్టు మళ్లీ మూసుకుపోయింది. వదిన పెరటి గుమ్మంలో నిలబడి దాన్ని చూడాల్సినంతసేపు చూసి, లోపలికి వచ్చి, స్టవ్వు విప్పింది.

తుడవడానికి పైమూత తీయడం కాదు. నేల మీద పాత దుప్పటి పరిచి, గాలి కొట్టే ఆ ఇత్తడి స్టవ్వును దాని మీద పెట్టి, కాళ్లు వేరు, ట్యాంకు వేరు, బర్నరు వేరు చేసింది. బర్నరు మర విప్పాలంటే ఎప్పుడూ ఇద్దరు మనుషులు కావాలి. ఆ రోజు ఆమెకు కోపమే రెండో మనిషి అయింది. ఒక్కో ముక్కనీ కిరసనాయిల్లో కడిగి, విప్పిన వరసలోనే పేర్చింది. పంపు కడ్డీ కొసన ఉండే తోలు వాషరును మాత్రం చిన్న గిన్నెలో నూనె పోసి, అందులో వేసి, ఉప్పు డబ్బా వెనక దాచింది. చివరికి ఖాళీ ట్యాంకు మెడకు ఒక ఎర్రటి గుడ్డపీలిక కట్టి ముడి బిగించింది. ఈ పని ఎలా చెయ్యాలో ఆమెకు మొగుడే నేర్పాడు. ఎందుకు చెయ్యాలో కూడా ఒక రకంగా ఆయనే నేర్పాడు.

వీధిలో అందరికీ ఆమె వదినే. మరిది పిలిచిన పిలుపు పక్కింటికీ ఎదురింటికీ పాకి, ఆఖరికి చర్చిలో పళ్లూడిన ముసలివాళ్లు కూడా ఆమెను వదినా అనే పిలిచేవాళ్లు. ఆమె కాపురానికి వచ్చేనాటికి ఆ మరిదికి ముక్కు తుడుచుకోవడం రాదు. తల్లి లేదు. వదిన చేతి తిండి తిని మనిషయ్యాడు. ఇప్పుడు వీధి చివర రొట్టెల కొట్టు పెట్టుకున్నాడు. అయినా ఆమె ఇంట్లో భోజనాల బల్ల దగ్గర అతని కుర్చీ ఖాళీగానే ఉంది. పానా బావిలో పడ్డప్పటినుంచీ అంతే.

ఆ పానా మామగారిది. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా పొడవు. ఆయన బొటనవేలు రాసీ రాసీ పిడి మీద గుంట పడింది. ఆయన పోయాక పెద్దకొడుకు అదే గుంటలో తన వేలు పెట్టుకుని ఊరి చేతిపంపులన్నీ బాగుచేశాడు. అందుకే వదిన భర్తను అందరూ పంపుల మేస్త్రీ అంటారు. ఒకరోజు తమ్ముడు కొట్టు వెనక బావికి గిలక బిగించుకోవాలని పానా అడిగి పట్టుకెళ్లాడు. పిండి చేతులు. జారింది. అడుగున మనిషి లోతు బురద. అంతవరకైతే మేస్త్రీ ఓర్చుకునేవాడేమో. తమ్ముడు వచ్చి, "పోతే పోయిందిలే అన్నా, ఇనప ముక్కేగా. కొత్తది తెచ్చిస్తా," అన్నాడు. పానా కంటే ఆ మాట లోతుకు దిగింది. మేస్త్రీ ఆ రోజునుంచి తమ్ముడితో మాట్లాడలేదు, తమ్ముడు కాల్చిన రొట్టె ముట్టలేదు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరూ విరిచి తినే రొట్టె కూడా తమ్ముడిదే కాబట్టి ఆ బల్ల దగ్గరికీ పోలేదు. నిద్రలో మాత్రం అతని బొటనవేలు దుప్పటి అంచు మీద దేన్నో తడుముతూ ఉండేది. వదిన అది చూస్తూ పడుకునేది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ కుర్చీలో ఆ మనిషి కూర్చుని తన చేతి కూడు తినాలి. తాను చూడాలి.

ఇక ఎర్రపీలికల సంగతి.

చర్చి పాస్టరుగారు మెత్తటి మనిషి. ఆయన ప్రసంగం మొదలుపెడితే రేకుల కప్పు మీద పావురాల నడక బాగా వినిపించేది. ఆయన ఎక్కడో చదువుల బడికి వెళ్లి, కొన్ని వారాలుండి, తలగడంత నిఘంటువు ఒకటి చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. బైబిల్లో ప్రతి మాటా మొదట ఏ భాషలో పుట్టింది, ఆ భాషవాళ్లు దాన్ని బజార్లో, పొలంలో, పడవలో ఎలా వాడుకున్నారు అన్నది అందులో ఉంది. మొదటి ఆదివారం ఆయన పాపం అనే మాట తీసుకున్నాడు. అది విలుకాళ్ల మాట, గురి తప్పడమని అర్థం, అన్నాడు. కునుకు తీస్తున్నవాళ్లు కళ్లు తెరిచారు. రెండో ఆదివారం, ఆత్మ అంటే గాలి, ఊపిరి అన్నాడు. గంట కొట్టే ముసలాయన, అందరూ గంటతాత అంటారు, వెంటనే లేచి కిటికీలన్నీ బార్లా తెరిచాడు. పాటల పుస్తకాల్లో కాగితాలు లేచి కోళ్లలా తిరిగాయి. మూడో ఆదివారం, మహిమ అన్న మాటకు మొదట బరువు అని అర్థం అన్నాడు. పిండిమర ఆసామి ఒంటి బరువుకు బెంచీలు విరుగుతాయని అన్నాళ్లూ వెనక కూర్చునేవాడు. ఆ వారం నుంచి ముందు బెంచీలోకి వచ్చాడు, ఎవరూ నవ్వలేదు.

జనానికి రుచి తెలిసింది. ఎన్నో ఏళ్లుగా నోట్లో అరిగిపోయిన మాటలు కొత్తగా కరకరలాడాయి. బుధవారం సాయంత్రాలు మాటల తరగతి పెట్టారు. అక్కడే పంపుల మేస్త్రీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చర్చిలో నోరు విప్పాడు. ఆయనకు ఈ పని అర్థమైంది. విప్పడం, కడగడం, పేర్చడం. అది తన పనే.

మేస్త్రీ చెప్పిందేమిటంటే, పంపు విప్పి ఉన్నప్పుడు దాని పిడికి ఎర్రపీలిక కడతాం, ఎవరూ కొట్టకూడదు, కొడితే లోపల విరుగుతుంది. మాటైనా అంతే. విప్పిన మాటను మళ్లీ బిగించేదాకా ఎవరూ వాడకూడదు. బిగించాక కొట్టి చూడాలి. నీళ్లొచ్చాయా అని అడగాలి. అందరూ వచ్చాయంటేనే పీలిక విప్పాలి. ఒక్కరు రాలేదన్నా మళ్లీ విప్పాల్సిందే.

మేస్త్రీ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం చూసి పాస్టరుగారికి కళ్లు చెమర్చాయి. సరే అనేశాడు. ఏం ఒప్పుకున్నాడో ఆయనకు అప్పుడు తెలియదు.

గంటతాత పాత ఎర్ర తెర చింపి పీలికలు చేశాడు. గోడకు పలక తగిలించి, విప్పిన మాట రాసి, కింద మేకుకు పీలిక కట్టడం మొదలుపెట్టాడు. పాటల్లో, ప్రార్థనల్లో ఆ మాట వచ్చినచోట పలక్కుండా బెంచీ మీద ఒక దెబ్బ కొట్టాలని తీర్మానించారు. విప్పడం తేలికే. బిగించేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు నీళ్లు రాలేదనేవాళ్లు. లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ అయితే ప్రతి మాటకూ, వచ్చాయి గానీ బురదగా ఉన్నాయి, అనేది. చూస్తూ ఉండగానే పలక నిండింది. శాంతి పోయింది, కృప పోయింది, రక్షణ పోయింది. ఆమేన్ కూడా పోవడంతో ఏ ప్రార్థన ఎక్కడ అయిపోయిందో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఆరాధన వడ్రంగి కొట్టులా టకటకలాడేది. ఒకసారి దారినపోయే మనిషి ఆ చప్పుడు విని లోపలికొచ్చి, మంచం ఒకటి చేయించుకోవాలి, ఎన్నాళ్లు పడుతుంది, అని అడిగాడు. గంటతాత ఆయన్ను కూర్చోబెట్టి, మంచం అనే మాట ఇంకా విప్పలేదు, ఆరాధన అయ్యాక మాట్లాడుకుందాం అన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక సోమవారం తమ్ముడు అన్న ఇంటి ముందుకొచ్చాడు. గురి తప్పడం అన్న మాట అతనికి ఎక్కడో తగిలింది. చెవి వెనక పిండి అలాగే ఉంది. మేస్త్రీ అరుగు మీద కూర్చుని పంపు గొలుసుకు గ్రీజు రాస్తున్నాడు.

"అన్నా, గురి తప్పాను. ఆ రోజు అలా అనకూడదు. నన్ను క్షమించు," అన్నాడు తమ్ముడు.

మేస్త్రీ తలెత్తలేదు. గొలుసులో ఒక లంకెనుంచి ఇంకో లంకెకు పోయాడు. తమ్ముడు నిలబడి నిలబడి వెళ్లిపోయాడు. తలుపు చాటునుంచి వదిన చూసింది, మొగుడి చెవులు ఎర్రబడ్డాయి. కరుగుతున్నాడు అనుకుంది. ఇంకో రెండు రోజులు పోనీ అనుకుంది.

బుధవారం తరగతిలో మేస్త్రీ లేచి, క్షమించడం అన్న మాట విప్పాలి అన్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. గంటతాత పీలిక కట్టాడు. వదిన మాత్రం కూర్చున్నచోటే బిగుసుకుపోయింది. ఇంటికి వచ్చేదాకా ఊరుకుని, గడప దాటగానే అడిగింది.

"ఏమయ్యా, వాడు వచ్చి అడిగాడనేగా ఆ మాటకు ముడేశావు?"

"పద్ధతి పద్ధతే."

"తలుపు తట్టినవాడి మొహాన తలుపు ఊడబీకి, బాగుచేస్తున్నాం రేపు రా అన్నట్టుంది నీ పద్ధతి."

మేస్త్రీ చెప్పులు విడిచాడు. కాళ్లు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని, ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ప్రభువు నేర్పిన ప్రార్థన మొత్తం చెప్పందే ఎవరూ కంచం ముట్టరు, అది మామగారి నాటి కట్టడి. ఇప్పుడు అందులో మాటల కంటే దెబ్బలే ఎక్కువ. టక్ మందున్న మా, టక్. నీ నామము టక్ గాక. అది అయ్యేసరికి బంగాళాదుంపలు చల్లారి గడ్డకట్టేవి.

క్షమించడం ఆగిపోయాక ఊళ్లో చిత్రాలు మొదలయ్యాయి. కాలు తొక్కినవాడు క్షమించమని అనలేక దగ్గర్లో ఉన్న గోడ మీద ఒక దెబ్బ కొట్టి వెళ్లేవాడు. బట్టలారేసే తాడు కోసం కొట్లాడుకున్న ఇద్దరు ఆడవాళ్లకు కలిసిపోవాలని ఉన్నా దారి లేక, మర్యాదగా, వేళకు, రోజుకొకసారి తిట్టుకునేవాళ్లు. టీచరమ్మ పక్కింట్లో ఉండిపోయిన తన గొడుగుతోపాటు వాళ్ల మంచి గొడుగు కూడా తెచ్చుకుంది. ఇదేమిటని అడిగితే, "పీలిక విప్పిన రోజు అడుగుతాలే," అంది. గంటతాత గంట కొట్టడం మరిచిపోయి నిద్రపోయాడు, ఆ వారం జనం ఎవరికి తోచినప్పుడు వాళ్లు చర్చికొచ్చారు. పాస్టరుగారికి చెప్పడానికి మాటలు మిగల్లేదు. ఎవరు ఎవరిని కన్నారో ఆ వంశావళులు మాత్రమే చదివేవాడు. పేర్లకు పీలికలు లేవు. అందులోనూ పిండిమర ఆసామి చెయ్యెత్తి, కనడం అన్న మాటకు మొదట అర్థం ఏంటండీ, అని అడిగాడు.

వదిన ఓర్పు పట్టి, ఒకరోజు పాస్టరుగారి గదికి వెళ్లింది. గదిలో మంచం, కిటికీ, నిఘంటువు. నిఘంటువుకే దిండు వేసి ఉంది, ఆయన ఒట్టి మంచం మీద పడుకుంటున్నట్టున్నాడు. ఆ ఒక్క మాటకైనా పీలిక విప్పించమని ఆమె అడిగింది. తన అధికారంలో లేదని ఆయన అన్నాడు. తల దించుకుని, అసలు సంగతి చెప్పాడు.

"ఇన్నాళ్లకు జనం వింటున్నారమ్మా. పైన పావురాల చప్పుడు వినిపించడం లేదు. ఆపితే మళ్లీ వినిపిస్తుందని భయం."

వదినకు ఆయన మీద జాలి కలిగింది. సరే, ఆ మాటకు మీ పుస్తకంలో ఏముందో అదైనా చెప్పండి అంది. ఆయన మొహం వెలిగింది. క్షమించడం అని మనం అనేచోట వాళ్లు వాడిన మాటే, జాలర్లు ప్రభువు పిలిస్తే వలలు విడిచిపెట్టి వెళ్లారే, ఆ విడిచిపెట్టడానికీ వాడారట. చేతిలోది ఒడ్డున వదిలేసి నడిచిపోవడం.

వదిన ఆలోచించింది.

"ఆ వలలు తర్వాత ఎవరు మడిచి పెట్టారండీ?"

"అది రాయలేదమ్మా."

"రాయరు. ఎవరో ఒక ఆడమనిషి మడిచిపెట్టి ఉంటుంది," అంది వదిన, లేచి.

బుధవారం పాస్టరుగారు వలల సంగతి తరగతిలో చెప్పాడు. చాలా బాగా చెప్పాడు. పడవ వాసన వచ్చేట్టు చెప్పాడు. గంటతాత కళ్లొత్తుకున్నాడు. తమ్ముడు వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. నీళ్లొచ్చాయా అని అడిగితే, వచ్చాయని అందరూ అన్నారు. టీచరమ్మ కూడా తేటగా ఉన్నాయంది. గంటతాత ముడి విప్పడానికి లేచాడు.

"రాలేదు," అన్నాడు మేస్త్రీ.

ఎందుకు రాలేదని అడిగారు. మేస్త్రీ లేచి, ఎవరి వైపూ చూడకుండా, వదిలేయడమే ఆ మాటకు అర్థమైతే మా నాన్న పానాను అందరికంటే ముందు వదిలేసినవాడు ఒకడున్నాడు, మరి వాడు నన్ను క్షమించినట్టా, అన్నాడు. హాలంతా ఆ లెక్క సరిచూసుకుంటూ ఉండిపోయింది. తప్పెక్కడుందో టీచరమ్మకు కూడా అంతుపట్టలేదు.

"మేస్త్రీ, నువ్వు బిగించిన ప్రతి పంపు దగ్గరా ఒక బోల్టు మిగులుతుంది. ఈసారి మిగిలింది మీ తమ్ముడేలా ఉంది," అంది చివరికి.

పీలిక అలాగే ఉంది. తమ్ముడు అందరికంటే ముందు బయటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి వదిన, మొగుడి బొటనవేలు నిద్రలో దుప్పటి అంచును తడుముతుంటే చూసి, అటు తిరిగి పడుకుంది. ఆదివారం పొద్దున్న ఆకాశాన్ని చూసి వచ్చి స్టవ్వు విప్పింది. చేతులు కడుక్కుని, మొగుడి వెనక చర్చికి నడిచింది. మేస్త్రీ వంటగదిలోకి తొంగిచూడలేదు. ఆ ఆదివారం ప్రభువు బల్ల, ఆ రోజు ఆరాధన అయ్యేదాకా ఎవరూ ఏమీ తినరు.

చర్చిలో తెల్లగుడ్డ మీద తమ్ముడు కాల్చిన రొట్టె పెట్టి ఉంది. బంగారు రంగులో, పైన చిన్న పగులుతో, బాగా పొంగి ఉంది. ఆకలిమీదున్న జనం కళ్లన్నీ దానిమీదే. ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలైంది. బెంచీలు టకటకలాడాయి. రొట్టె గురించిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు ఆగి, అందరి గొంతులూ ఒక్కసారి పైకి లేచాయి. మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము. ఆ ఒక్క వాక్యం ఇంకా ఎవరూ ముట్టలేదు. ఇంటికొచ్చినట్టు అనిపించింది అందరికీ.

గంటతాతకు కూడా అలాగే అనిపించి, సంతోషం పట్టలేక, అనుదినం అన్న మాటకు మొదట అర్థం ఏంటయ్యా, ఒక్కసారి చూడు, అన్నాడు.

పాస్టరుగారు నిఘంటువు తెరిచాడు. వేలు పెట్టి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఈ మాటకు అర్థం కచ్చితంగా ఎవరికీ తెలియదట," అన్నాడు. "ఈ ప్రార్థనలో తప్ప ఇంకెక్కడా దాదాపు కనిపించలేదట. ఇవాళ్టిది అని కొందరు, రేపటిది అని కొందరు, బతకడానికి చాలినంత అని కొందరు. ఊహలేనట."

పైన పావురాలు నడిచాయి. పాస్టరుగారు తలెత్తి ఆ చప్పుడు విన్నాడు.

మేస్త్రీ చెప్పిన పద్ధతి ప్రకారం గంటతాత పీలిక కట్టాడు. విప్పి ఉన్నదాన్ని వాడకూడదు, ఆ మాటేమో రొట్టెకు కట్టినదే కాబట్టి ఆ రోజు రొట్టె కూడా విరవలేదు. జనం ఆకలితో, ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇళ్లకు పోయారు. హాల్లో ఆఖరున మిగిలింది రొట్టె, దాన్ని కాల్చినవాడు.

మేస్త్రీ ఇంటికొచ్చి నేరుగా వంటగదిలోకి వెళ్లాడు. దుప్పటి చూశాడు. వరసగా పేర్చిన ముక్కలు చూశాడు. ట్యాంకు మెడకు ఎర్రపీలిక చూశాడు.

"ఇదేంటి?"

"విప్పాను," అంది వదిన.

"ఎప్పుడు బిగిస్తావు?"

"నీళ్లొచ్చాక."

ఆమె పీట వేసుకుని కూర్చుని, తొక్క తీసిన బంగాళాదుంపల్ని నీళ్లలోనే మళ్లీ మళ్లీ కడుగుతూ ఉంది. మేస్త్రీ కడుపు పెద్దగా మూలిగింది, ఇద్దరూ విననట్టు నటించారు. అతను చొక్కా చేతులు మడిచి దుప్పటి మీద కూర్చున్నాడు. పేర్చిన వరసలో ఒక్క తప్పూ లేదు. అది చూసి ఒక్క క్షణం మెచ్చుకోబోయి మానుకున్నాడు. కాళ్లు తగిలించాడు. కడ్డీ తీసుకున్నాడు. వాషరు లేదు. దుప్పటి ఎత్తి చూశాడు, తన మోకాళ్ల కింద చూశాడు. ఆమె వైపు చూశాడు. ఆమె దుంపలు కడుగుతోంది. అడగడం నామోషీ. పోనీ ముందు బర్నరు బిగిద్దామని చిన్న పానా తీశాడు. ట్యాంకు కాళ్ల మధ్య ఇరికించి తిప్పబోయాడు, జారింది. మళ్లీ బలం పెట్టాడు, మర అడ్డం పడబోయింది. ఇత్తడి మర మెత్తన. విప్పేటప్పుడు కోపం పనికొస్తుంది గానీ, బిగించేటప్పుడు కోపం పెడితే మర చచ్చిపోతుంది. ఒకరు పట్టుకోవాలి, ఒకరు తిప్పాలి. ఇన్నేళ్లూ పట్టుకున్న మనిషి ఇవాళ లేవడం లేదు.

పెరటి గోడ మీద ఏదో పెట్టిన అలికిడి అయింది. ప్రతి ఆదివారం మరిది ఒక రొట్టె గుడ్డలో చుట్టి ఆ గోడ మీద పెట్టి పోతాడు. ఎవరూ రమ్మనరు, అతనూ ఆగడు. ఇవాళ పెట్టింది చర్చి రొట్టె.

"లోపలికి రా," అంది వదిన.

"అన్న ఉన్నాడు వదినా."

"ఉన్నాడు కాబట్టే రమ్మంటున్నాను."

మరిది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. దుప్పటి చూశాడు. అన్న చేతిలో పానా, కాళ్ల మధ్య ట్యాంకు చూశాడు. చిన్నప్పుడు అన్నతో కలిసి బావుల్లోంచి పైపులు లాగినవాడు, ఇక్కడ ఏం కావాలో ఎవరూ చెప్పక్కర్లేదు. రొట్టె బల్ల మీద పెట్టి, దుప్పటి అంచున మోకాళ్ల మీద కూర్చుని, ట్యాంకు పట్టుకోవడానికి రెండు చేతులూ చాచాడు.

మేస్త్రీ ఆ చేతులకేసి చూశాడు. గోళ్ల సందుల్లో పిండి. అవే చేతులు. వదిన దుంపలు కడగడం ఆపింది.

"చేతులు కడుక్కో," అన్నాడు మేస్త్రీ.

అన్నాళ్ల తర్వాత తమ్ముడితో అతను అన్న మొదటి మాట అది. మరిది లేచి తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. గోళ్లు కూడా రుద్దాడు. బడికి పోయే పిల్లవాడిలా రెండు వైపులా తిప్పి తుడుచుకుని వచ్చి కూర్చుని, ట్యాంకు కోసం మళ్లీ చేతులు చాచాడు.

మేస్త్రీ ట్యాంకు ఇవ్వలేదు. దాని మెడకున్న ఎర్రపీలిక ముడి పళ్లతో పట్టి విప్పాడు. పీలిక ఒక కొస పానా పిడికి చుట్టి ముడేశాడు. రెండో కొస తమ్ముడి మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, లాగి చూసి, ఇంకో ముడేశాడు. ఊడదని నమ్మకం కుదిరాక పానా అతని చేతిలో పెట్టాడు. ట్యాంకును తన రెండు చేతులతో పట్టుకుని, తల పక్కకు తిప్పుకున్నాడు.

"తిప్పు. మెల్లిగా."

మరిది తిప్పాడు. మర పట్టింది. పావు చుట్టు, ఆగడం, పావు చుట్టు. అన్నదమ్ములిద్దరూ ఊపిరి బిగబట్టి ఒకే ఇత్తడి అంచు వైపు చూస్తున్నారు. వదిన లేచి, ఉప్పు డబ్బా వెనకనుంచి గిన్నె తీసి, నూనెలో నాని మెత్తబడ్డ వాషరును ఇద్దరి మధ్యా దుప్పటి మీద పెట్టింది. మేస్త్రీ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. బాగా నానింది. కడ్డీకి తొడిగాడు.

స్టవ్వు మొదట దగ్గింది, తర్వాత నీలంగా మండింది. దుంపలు ఉడికాయి, గుడ్లు ఉడికాయి. వదిన మూడు కంచాలు పెట్టింది. మరిది తన పాత కుర్చీ వెనక నిలబడి, కూర్చోవచ్చో లేదో తెలియక దాని వీపు పట్టుకున్నాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది. కూర్చున్నాడు.

మేస్త్రీ ప్రార్థనకు తల వంచాడు. చెయ్యి అలవాటు ప్రకారం బల్ల మీద దెబ్బ కొట్టడానికి లేచింది. చెప్పడానికి ఒక్క మాట కూడా మిగల్లేదు. అన్నీ గోడ మీదే ఉన్నాయి. ఆ చెయ్యి గాలిలో కాసేపు నిలిచి, రొట్టె మీదికి దిగింది. అతను దాన్ని విరిచాడు. పెద్ద ముక్క తమ్ముడి కంచంలో, ఒకటి వదిన కంచంలో వేసి, మిగిలింది తన ముందు పెట్టుకున్నాడు. అన్నాళ్లూ ముట్టని రొట్టెను నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు.

ముగ్గురూ తిన్నారు. పీలిక విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. మరిది ముద్ద ఎత్తినప్పుడల్లా మణికట్టుకు వేలాడుతున్న పానా బల్ల అంచుకు తగిలి టక్కుమంటోంది. ఆ దెబ్బ ఏ మాటకో ఎవరూ అడగలేదు. వదిన అతని కంచంలో ఇంకో దుంప వేసింది.